అమ్మ మొదటి ఇంటి పెట్టె

ఆ ఫోను అమ్మకు వచ్చింది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నేనెత్తాను. అవతల ఎవరో ముసలాయన. గొంతు సన్నగా, ఆగి ఆగి వస్తోంది.

"వదినా, నేను. గోపాల్‌పేట నుంచి."

అమ్మను వదినా అని పిలిచేవాళ్ళు మా నాయన తమ్ముళ్ళిద్దరే. ఇద్దరూ మా గద్వాలలోనే ఉంటారు. ఎవరో నంబరు తప్పు కలిపారనుకుని పెట్టేయబోయి, గోపాల్‌పేట అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆ ఊరి పేరు ఎవరూ పలకరు. పలకకపోవడం వల్లనే నాకది చిన్నప్పటి నుంచి బాగా తెలుసు.

"నేను ఆమె బిడ్డను," అన్నాను.

ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"ఇల్లు పడగొడుతున్నరు బిడ్డా. రోడ్డు పెద్దగ చేస్తున్నరు. మా అన్న సామాను ఒక పెట్టె ఉన్నది. మీయమ్మ తీస్కపోతదేమో జర అడుగు. వద్దంటే ఇంగ ఎవరికన్న మిలట్రీ ఆఫీసోల్లకు అప్పజెప్త."

అమ్మకు మా నాయన కంటే ముందు ఒక పెళ్ళయింది. ఆయన మిలటరీలో కెప్టెన్. గోపాల్‌పేటలో మెట్ట సేద్యం చేసుకునే కుటుంబంలో పెద్ద కొడుకు. పెళ్ళయిన ఏడాదే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. సెలవు పూర్తికాకముందే తంతి వస్తే వెళ్ళిపోయాడు. పడమటి సరిహద్దులో తన మనుషులతో ముందుకు నడిచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అటువైపు పట్టుబడ్డవాళ్ళలో ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. యుద్ధం అయిపోయింది, ఖైదీలు ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు మారారు, ఆయన మాత్రం ఆచూకీ లేనివాడుగానే మిగిలాడు.

ఇదంతా నన్ను కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. ఆరో తరగతిలో ఉండగా వనపర్తిలో ఒక పెళ్ళికి వెళ్తే, విస్తరి ముందు కూర్చున్న ఒక ముసలమ్మ అమ్మను చూపించి పక్కనామెతో, "గామె కెప్టెన్ పెండ్లాం గద, ఈ పిల్ల ఎవలకు పుట్టింది?" అన్నది. అమ్మ విన్నది. నా చెయ్యి పట్టుకుని లేచింది. బస్సులో గద్వాల చేరేదాకా ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక నాయనే, నూలు లెక్క చూసుకుంటూ, తల ఎత్తకుండా, రెండు మూడు మాటల్లో చెప్పాడు. ఇంకెప్పుడూ అమ్మను అడగొద్దన్నాడు.

అడగలేదు. కానీ ఆ తర్వాత నుంచి ఒక భయం పట్టుకుంది. టీవీలో సరిహద్దు అవతలి జైళ్ళ నుంచి మనవాళ్ళను విడిచిపెట్టారన్న వార్త వచ్చినప్పుడల్లా అమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి టీవీ ముందు నిలబడేది. గేటు దాటి వచ్చే ఒక్కొక్క ముఖాన్నీ చూసేది. నాయన మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని, బజారుకు వెళ్ళిపోయేవాడు. వార్తలు అయిపోయేదాకా తిరిగి వచ్చేవాడు కాదు. నేను తలుపు వెనక నిలబడి, ఆ గేటులోంచి ఆయన రాకూడదని దేవుడికి మొక్కేదాన్ని. వస్తే అమ్మ వెళ్ళిపోతుందని నాకు గట్టి నమ్మకం.

ఆయన కోసం అమ్మ అత్తగారింట్లోనే ఏడెనిమిదేళ్ళు ఉంది. అత్త ఆమె బొట్టు చెరగనివ్వలేదు. శుక్రవారం శుక్రవారం తానే కుంకుమ పెట్టేదట. నా కొడుకు బతికే ఉన్నాడు, నువ్వు ముత్తైదువవే అనేదట. చివరికి అమ్మ నాయన, అంటే మా తాత, వచ్చి తీసుకుపోయి, భార్య పోయిన మా నాయనకిచ్చి గుడిలో పెళ్ళి చేశాడు. గోపాల్‌పేట గడప దాటేటప్పుడు అత్త అన్న మాట అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత ఒక్కసారి చెప్పింది.

"నువ్వు ఇంకొకని పక్కన పీటల మీద కూసుంటే, నా కొడుకును నువ్వే సంపినట్టు."

మా నాయన గద్వాల చీరలు నేసేవాళ్ళకు నూలు, జరీ అమ్మేవాడు. మాట తక్కువ మనిషి. రెండేళ్ళ కిందట పోయాడు. ఆడవాళ్ళు గాజులు తీయడానికి అమ్మ చుట్టూ చేరినప్పుడు అమ్మ చేతులు చాపి, "ఈసారైతే నిజమే గద," అన్నది. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమై, ఆ గదిలో ఉండలేక బయటికి వచ్చాను. నాయన కోసం ఏడుస్తూ ఉన్నదాన్ని, ఆ మాటకు నాయన మీద జాలితో ఇంకా ఏడ్చాను.

నేను గద్వాలలోనే టీచరుగా పనిచేస్తాను. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నాతో, మా ఆయనతోనే ఉంటోంది.

ఫోను సంగతి చెప్పినప్పుడు అమ్మ చేతిలో తడి చీర ఉంది. దాన్ని పిండుతూనే వింది.

"ఇల్లు మొత్తం పోతదట్నా?"

"ముందు భాగం పోయిందట. వెనక అర్రలు ఉన్నయట."

"అది మా అర్రనే," అన్నది. చీర ఆరేసింది.

సాయంత్రం నేను పిల్లల కాపీలు దిద్దుతుంటే వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు పోయి రా. నేను పోను. ఆ గడప మల్ల తొక్కనని చెప్పొచ్చిన. పతకాలు గితకాలు ఏమన్న ఉంటయి, అవి నాకొద్దు. ఉన్ని కోటు ఒకటుంటది. అది తే."

ఆ కోటు కథ కూడా అప్పుడే చెప్పింది. ఆచూకీ లేడని తేలాక, పల్టన్ వాళ్ళు ఆయన సామాను ఒక ఇనుప పెట్టెలో పెట్టి రైల్లో పంపారు. పెట్టె తెరిస్తే అన్నిటికంటే పైన ఉన్ని కోటు. దానికి ఇంకా మనిషి వాసన ఉందట. చలికాలమైనా, ఎండాకాలమైనా అమ్మ దాన్ని కప్పుకునే పడుకునేది. అత్త ఏమనేది కాదు. వెళ్ళిపోయే రోజు మాత్రం అమ్మ దాన్ని చంకన పెట్టుకుంటే అత్త రెండు చేతులతో లాక్కుంది. "చెయ్యి ఒకటి నా దగ్గర, చెయ్యి ఒకటి ఆమె దగ్గర, కోటు నడుమ. సిగ్గైంది నాకు. ఇడిసిపెట్టిన," అన్నది అమ్మ.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బస్సు వెళ్తుంటే నీళ్ళు బాగా తగ్గి బండలు కనిపిస్తున్నాయి. బస్సు నిండా ఆడవాళ్ళే, ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు చేతుల్లో నలుపుకుంటూ. వనపర్తిలో దిగి ఇంకో బస్సెక్కాను. దారంతా ఒకటే ఆలోచన: ఆయనను ఏమని పిలవాలి? అమ్మ మొదటి భర్త తమ్ముడు నాకేమవుతాడు? మన భాషలో అందరికీ వరుస ఉంటుంది, ముక్కూ మొహం తెలియని కండక్టరును కూడా అన్నా అంటాం. ఈయనకు మాత్రం నాకు ఏ మాటా దొరకలేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రోడ్డు పొడుగునా ఇళ్ళ ముఖాలు కోసేసి ఉన్నాయి. ఒకరింట్లో నీలం రంగు గోడ, దేవుడి గూడు, కరెంటు మీటరు బజారున పడ్డాయి. ఆయన తన ఇంటి ముందు, ఒకప్పుడు నడిమింటి మధ్య అయివుండాల్సిన చోట, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల ధోతి, పైన తువ్వాల. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చాలాసేపు నా ముఖంలో ఎవరినో వెతికాడు.

"మీయమ్మ పోలికే," అన్నాడు.

"బాగున్నరా సార్," అన్నాను.

"సార్ ఏంది బిడ్డా! మా అన్న బతికుంటే నీకు చిన్నాయననైతుంటి," అన్నాడు. అన్నవాడే ఒక్క నిమిషం ఆగి, "మా అన్న బతికుంటే నువ్వు యాడ పుడుతుంటివి," అని తల దించుకున్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చింది. "ఏదో ఒకటి పిలుస్తదిలే. ఎండల పడి వచ్చింది, జర నీల్లు తాగనియ్యి," అన్నది.

చిన్నాయనా అనే పిలిచాను. అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

పెట్టె వెనక గదిలో, మంచం కింద ఉంది. నల్ల రంగు ఇనుప పెట్టె. మూత మీద తెల్ల అక్షరాలతో హోదా, పేరు. ఇద్దరం కలిసి బయటికి లాగాం. తుప్పు పట్టిన గొళ్ళెం ఆయన రాయితో కొట్టి తెరిచాడు. లోపల వేపాకు ఎండి పొడై ఉంది. ఆ పొడి కింద ఒకటొకటిగా బయటికి వచ్చాయి: వెంట్రుకలు గట్టిపడిన గడ్డం గీసుకునే బ్రష్షు, స్టీలు అద్దం, ఛాతీ మీద పెట్టుకునే నల్ల పేరు పలక, మడత పెట్టిన చోట చిరిగిన ఒక టై, పిడి అరిగిన హాకీ కర్ర సగం ముక్క. ఒక డబ్బాలో బూటు పాలిష్ ఎండి బీటలు వారి ఉంది. దాని మీద రెండు వేళ్ళ గుర్తు. ఆయన చివరిసారి పాలిష్ తీసుకున్న గుర్తు. నేను దాని మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.

పతకాలు వేరే పొట్లంలో ఉన్నాయి. పోస్టులో వచ్చినవి. అమ్మ ఆ ఇంటి నుంచి వెళ్ళిపోయాక ఏడాదికి వచ్చాయట. లక్కముద్రలతో వచ్చిన ఆ పొట్లాన్ని ఆయన తల్లి విప్పనివ్వలేదు.

"సచ్చినోల్లకు పంపుతరు ఇవి, నా కొడుక్కు ఎందుకు, అనేది మాయవ్వ. వాపసు పంపుమంటుండె. నేను పంపలే, ఇప్పలే. అవ్వ పోయినంక ఇప్పిన."

ఒకటి నక్షత్రం ఆకారంలో, కంచు రంగుది. ఇంకొకటి గుండ్రంగా, వెండి రంగుది. రిబ్బన్లు మడత నలగకుండా కొత్తగా ఉన్నాయి. అంచు మీద చిన్న అక్షరాలతో నంబరు, హోదా, పేరు చెక్కి ఉన్నాయి. వాటిని తగిలించుకోవాల్సిన మనిషి వాటిని చూడనే లేదు. నా అరచేతిలో అవి చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి. చిన్నప్పుడు ఎవరు రాకూడదని మొక్కానో ఆ మనిషి పేరు నా వేలి కింద గరుకుగా తగులుతోంది.

పెట్టె అడుగుదాకా చూశాను.

"ఉన్ని కోటు లేదా చిన్నాయనా? అమ్మ అదొక్కటే అడిగింది."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన పెట్టె అంచు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"మీయమ్మ పోయినంక మాయవ్వ ఆ కోటును మంచం మీద పరిసేది. పక్కన తలె పెట్టి అన్నం పెట్టేది. మొదట్ల పండగలకే పెట్టింది. తర్వాత దినాం. చేతులు సదిరేది, గుండీలు పెట్టేది, తిను కొడుకా అనేది. మా పిల్లలు ఆ అర్రలకు పోనీకె భయపడుతుండ్రి. నాకూ భయమే. సొంత తల్లి గట్ల చేస్తుంటే ఏమనాలె? ఒక దినం అవ్వను దవాఖానకు తోలిచ్చి, కోటు తీస్కపోయి, మా అత్తగారి చేను కావలాయనకిచ్చిన. బల్మూరు అవతల, గుట్టల కింద. ఆయన మంచె మీద రాత్రంత పందులకు కావలుంటుండె, చలికి వణుకుతుండె. అవ్వ దవాఖాన నుంచి వచ్చి మంచం చూసింది. ఇల్లంత దేవులాడింది. పక్కిండ్లల్ల దేవులాడింది. చెప్పలే. సచ్చేదాక చెప్పలే నేను."

"ఆ కావలాయన ఉన్నడా ఇప్పుడు?"

"తెల్వదు. ఆ చేను అమ్ముకున్నరు. మల్ల అటు పోలే నేను." ఆగి, "పోదామా?" అన్నాడు.

ఆయన భార్య వద్దన్నది, మోకాళ్ళ నొప్పులతో ఎక్కడ తిరుగుతావన్నది. ఆయన అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

నాగర్‌కర్నూల్ దాకా బస్సులో వెళ్ళాం. నా పక్క సీట్లో కిటికీ వైపు కూర్చుని ఆయన చాలాసేపు బయటికే చూశాడు. కోసిన పత్తి చేలు, ఎండిన కట్టె. బిజినేపల్లి దాటాక, బస్సు చప్పుడుకు వినిపించీ వినిపించకుండా అన్నాడు.

"నిజం చెప్తున్న బిడ్డా. మా అన్న ముఖం నాకు యాదికి లేదు. గోడ మీద ఫోటోల ముఖమే యాదికున్నది. నాకప్పుడు పదహారో పదిహేడో. నేనుగూడ సదువుకుని మిలట్రీలకు పోవాలనుకున్న. అన్న పోయినంక మాయవ్వ నన్ను ఊరు దాటనియ్యలే. నాగలి పట్టిన, గంతే. ఆ కోటు సూస్తే నాకు అన్న మీద కోపమొచ్చేది. అన్నం ఆయనకు పెడుతుండె గద, నేను ఆడ్నే ఉంటి."

టీవీ వార్తలు రాగానే చెప్పులు వేసుకుని బజారుకు వెళ్ళే మా నాయన వీపు కళ్ళ ముందు కదిలింది. రాని మనిషి ఒక్కడు, రెండిళ్ళలో ఉన్నవాళ్ళను పక్కకు జరిపేశాడు.

నాగర్‌కర్నూల్‌లో ఇన్ని ఇడ్లీలు తిని, బల్మూరుకు ఆటో మాట్లాడుకున్నాం. బల్మూరు దాటాక గుట్టలు దగ్గరికి వచ్చాయి. ఆయనకు చేను గుర్తుంది, దారి గుర్తులేదు. అడుగుతూ అడుగుతూ ఒక చెంచు పెంటకు చేరాం. పది పన్నెండు ఇళ్ళ గూడెం. కొన్ని సర్కారు కట్టించిన సిమెంటు గదులు, వాటి పక్కనే బోద గడ్డి కప్పిన గుడిసెలు. మధ్యాహ్నపు ఎండకు కుక్కలు కూడా లేవలేదు. చేను కావలాయన అని చెబితే ఎవరికీ తెలియలేదు. మిలటరీ కోటు అనగానే ఒకామె, "కోటు తాతనా?" అని ఒక గుడిసె చూపించింది.

అక్కడ ఒక ముసలవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. కోటు తాత భార్య ఆమెనే. చిన్నాయనను గుర్తుపట్టలేదు. ఎవరో, ఎందుకొచ్చామో ఆయన చెప్పాక ఆమె చేతులు ఆగాయి.

"ఆయన లేడు. పోయిండు. చానేండ్లాయె."

"కోటు..." అని చిన్నాయన నసిగాడు.

"కోటు తోటే పోయిండు. ఇడిసిండా ఎన్నడన్న? ఎండల గూడ భుజాన ఏసుకునేటోడు. సంతకు పోతే కోటు, అడవికి పోతే కోటు. గుండీలు ఊడితే తీగలు కట్టుకునే. మట్టిల పెట్టేటప్పుడు ఇప్పబోయిన్రు. మా పెద్దోడు ఉండనియ్యమన్నడు. చలికి ఓర్వడు నాయన, ఉండనియ్యిరి, అన్నడు." చెబుతూ చెబుతూ ఆమె ముఖం మారింది. "మీ కోటే గద అయ్యా. మల్ల అడగనీకె వచ్చిన్రా? ఇప్పుడు యాడికెల్లి తెచ్చిస్తం?"

"లేదమ్మా, లేదు. అడగనీకె రాలే. చూసిపోదామని వచ్చినం," అన్నాడు చిన్నాయన.

ఆమె లేచి, కొంగు నెత్తి మీద వేసుకుని ముందు నడిచింది. పెంట వెనక, చెట్లు మొదలయ్యే చోట, రాళ్ళు పేర్చిన ఒక దిబ్బ. పక్కన అట్లాంటివే ఇంకొన్ని. రాళ్ళ సందుల్లో ఎండు గడ్డి మొలిచి ఉంది. గుర్తు ఏమీ లేదు.

చిన్నాయన చెప్పులు విడిచి దిబ్బ దగ్గరికి వెళ్ళాడు. కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని కష్టంగా కూర్చుని, పిడికెడు మట్టి తీసి రాళ్ళ మీద వేశాడు. మళ్ళీ తీసి వేశాడు.

"మా అన్నకు ఎవలం మట్టి ఏయలే," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆ కింద ఉన్నది వేరే ఇంటి మనిషి. తన భర్త సమాధి మీద ఎవరో వచ్చి ఇంకెవరికో మట్టి వేస్తుంటే ఆ అవ్వ ఏమనుకుంటుందోనని ఆమె వైపు చూశాను. ఆమె ఏమీ అనుకోలేదు.

"ఏయనియ్యి బిడ్డా. మా ఆయనకు గూడ అందుతదిలే," అన్నది.

నేను వేయలేదు. వేయడానికి నేనెవరినో నాకు తెలియలేదు. ఆ అవ్వ పక్కనే నిలబడ్డాను. చిన్నాయన ఏడుపు చప్పుడు లేకుండా ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. యాభై ఏళ్ళకు పైగా ఆయన ఇంట్లో ఆ మనిషి కోసం ఎవరూ అట్లా ఏడవలేదు. ఏడిస్తే చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టని ఆయన తల్లి ఎవరినీ ఏడవనివ్వలేదట.

తిరుగు ప్రయాణంలో గోపాల్‌పేటలో పెట్టె ఆటోలో వేయించుకుని, వనపర్తి నుంచి బస్సు డ్రైవరును బతిమాలి ఇంజను పక్కన పెట్టించుకుని గద్వాల తెచ్చాను. అమ్మ వాకిట్లోనే ఉంది. పెట్టె మీది తెల్ల అక్షరాలను చూసింది గానీ, మూత తెరవలేదు.

"కోటు?" అన్నది.

దారిలో ఏవేవో అబద్ధాలు అనుకున్నాను. పురుగులు కొట్టేశాయని, ఇల్లు కూల్చినప్పుడు పోయిందని. ఆమె ఎదురుగా నిలబడితే ఒక్కటీ రాలేదు. మంచం మీద అన్నం పెట్టిన సంగతి దగ్గర నుంచి రాళ్ళ దిబ్బ దాకా అంతా చెప్పాను. అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి వింది. మధ్యలో ఒక్కసారే అడిగింది.

"తొడిగే పెట్టిన్రా? గుండీలు పెట్టి?"

"తీగ కట్టుకునేటోడట. అట్లనే పెట్టినరట."

అమ్మ తల ఊపింది. కాసేపటికి పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపించి వెళ్ళి చూస్తే, తొట్టి దగ్గర కూర్చుని, కట్టుకున్న చీరతోనే, చెంబుతో తల మీద నీళ్ళు పోసుకుంటోంది. చావు కబురు విన్నప్పుడు పోసుకునే స్నానం. నీళ్ళు వేడి చేస్తానమ్మా అన్నాను. వద్దన్నది. ఆగకుండా పోసుకుంటూనే ఉంది. జుట్టు ముఖానికి అతుక్కుపోయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా లేవలేదు. చివరికి నేనే చెంబు తీసుకున్నాను. బట్టలు మార్చి మంచం మీద పడుకోబెట్టాను. మూడు రోజులు జ్వరం. ఆ మూడు రోజులూ గోడ మీద నాయన ఫోటో వైపు తిరిగి పడుకుంది.

జ్వరం తగ్గాక ఆమెలో ఏదో తేలికవుతుందని ఆశపడ్డాను. అట్లా జరగలేదు. తిండి తగ్గింది. మాట తగ్గింది. టీవీ వార్తల దగ్గరికి రావడం మానేసింది. ఇన్నేళ్ళు ఆ ఎదురుచూపు ఆమెను పట్టి నిలబెట్టిందని, అది తీసేసింది నేనేనని ఇప్పుడనిపిస్తుంది. మా ఆయనతో అంటే, నువ్వు చెప్పకపోయినా ఆమెకు తెలుసులే అన్నాడు. తెలియడం వేరు.

రెండు నెలలకు చిన్నాయన వచ్చాడు. మిగిలిన గదులు కూడా కూల్చేశారట. వనపర్తిలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి, "వదినా," అన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. ఆమె విడిచి వచ్చిన రోజు పాతికేళ్ళ పడుచువాడు. ఇప్పుడు కర్ర పట్టుకున్న ముసలివాడు. ఇద్దరూ ఒకరి ముఖంలో ఒకరు వెతుక్కున్నారు.

"ముసలోనివైనవు," అన్నది అమ్మ.

"అయితి వదినా."

అమ్మ తానే పీట వేసి, జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డించింది. ఎదురుగా కూర్చుంది. పతకాలు కాగితంలో చుట్టి ఆయన ముందు పెట్టి, "ఇవి నువ్వే తీస్కపో. ఇవి మీ ఇంటియి," అన్నది.

ఆయన వాటిని ముట్టుకోలేదు. "నేనేడ పెట్టుకోను వదినా? కిరాయి అర్ర. మా పిల్లలకు ఆయన ఎవరో గూడ సరిగ తెల్వదు. నీ దగ్గర్నే ఉండనీ."

"నా దగ్గర ఉంటే ఏం బాగుంటది? ఇది ఇంకొకని బిడ్డ ఇల్లు," అన్నది అమ్మ. ఆ కాగితం పొట్లం ఇద్దరి మధ్యా అట్లాగే ఉండిపోయింది. తర్వాత నేనే తీసి నా బీరువాలో పెట్టాను.

రొట్టె సగం తిన్నాక అమ్మ అడిగింది.

"అత్త ఆఖర్ల నా గురించి ఏమన్న అన్నదా?"

ఆయన చెయ్యి ఆగింది. అబద్ధం చెబితే బాగుండునని, ఒక్క మంచి మాట కల్పించి చెబితే చాలునని నేను వంటింటి గుమ్మంలో నిలబడి కోరుకున్నాను.

"అనలే వదినా."

"తిట్టలే గూడ?"

"నీ మాటే ఎత్తలే. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ ఎత్తలే."

అమ్మ కాసేపు ఆయన కంచం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత పెరుగు గిన్నె దగ్గరికి జరిపి, గరిటెతో కొంచెం వేసింది. ఆయన చాలన్నాడు. ఇంకొంచెం వేసింది. మధ్యాహ్నం బస్సుకు నేనే ఆయనను బస్టాండు దాకా తీసుకుపోయాను. తిరిగి వచ్చేసరికి అమ్మ కంచం కడిగి, పీట గోడకు ఆనించి, తాను తినకుండానే పడుకుని ఉంది.